తేదీలు తెలియని మెషీన్లో పెద్ద శెట్టిగారి వీలునామా

"తాతయ్యా, ముందు తేదీ చెప్పు, రికార్డింగులో ఉండాలి. తర్వాత నువ్వు వాడిన ఆ పాత కంప్యూటర్ సిస్టం సంగతి చెప్పు. సోమవారం నాకు సెమినారు."

తేదీనా? ఇవాళ జూన్ పధ్నాలుగు, రెండు వేల ఇరవై అయిదు, శనివారం. పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది గానీ చినుకు పడలా. గాలి లేదు. మృగశిర కార్తె వస్తే ముంగిళ్ళు చల్లబడతాయి అనేవాళ్ళు మా పెద్దవాళ్ళు. వారమైంది వచ్చి. నా చొక్కా పిండితే గ్లాసుడు నీళ్ళు వస్తాయి. సరేనా? వాతావరణం కూడా చెప్పా, మార్కులు వేస్తారేమో అడుగు.

ఇక సిస్టం. నేను దాన్ని వాడింది తక్కువ, అది నన్ను ఆడించింది ఎక్కువ. దాని పేరు సీపీ/ఎం. మధ్యలో గీత ఉంది, నీ సెమినార్లో మర్చిపోకుండా గియ్యి. ఆ గీత కోసం మొదటి రోజే రభస అయింది. మా షావుకారు కోటయ్యగారు, ఇక్కడే నరసరావుపేటలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఆయనది, పెట్టె మీద పేరు చూసి, "ఏందయ్యా, మనం వ్యాపారం చేసుకునేవాళ్ళం. ఎర్రజెండా వాళ్ళ మెషీను మనకెందుకు?" అన్నాడు. నేను ఆ గీత చూపించి గండం గడిపా.

ఎప్పుడంటే, ఎనభై నాలుగు. కాదు, మీ అమ్మమ్మతో నాకు పెళ్ళిచూపులు అయిన ఏడు... ఎనభై అయిదే. నేను బియ్యస్సీ లెక్కలు. మూడో దండయాత్రలో పాసయ్యాననుకో, ఆ మాట సెమినార్లో చెప్పబాక. హైదరాబాదులో మూణ్ణెల్లు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చా. ఆ మూణ్ణెల్లలో మేం మెషీన్ని ముట్టుకుంది నాలుగు రోజులు, మిగతాదంతా బోర్డు మీదే. ఈత పుస్తకంలో నేర్చుకున్నట్టు. కానీ ఊళ్ళో నేనొక్కణ్ణే కదా, ఎవడు కాదంటాడు? నాలుగు వందల యాభై జీతం ఇచ్చి పెట్టుకున్నాడు కోటయ్యగారు. అప్పట్లో ఒక్క ఫ్లాపీ యాభై రూపాయలు. అంటే నెలంతా నేను పనిచేస్తే తొమ్మిది ఫ్లాపీలకి సమానం. ఆ లెక్క ఆయన నాకు తరచూ గుర్తు చేసేవాడు.

ఇప్పుడు చెప్పేది నీకు పనికొచ్చే ముక్క, విను. అంతకుముందు ఏ కంపెనీ మెషీను దానిదే, దాని ప్రోగ్రాములు దానివే. ఒకదానికి రాసింది ఇంకోదానిలో నడవదు. అమెరికాలో ఒక మాస్టారు, కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆయనే, డెబ్భైల్లో ఒక ఉపాయం చేశాడు. మెషీనుకీ ప్రోగ్రాముకీ మధ్యన ఒక దుబాసీని పెట్టాడు. ఏ మెషీనుకి ఆ మెషీను గొడవలన్నీ ఒక మూలకి నెట్టి, ఆ మూలకి బయాస్ అని పేరు పెట్టాడు. మెషీను మారితే ఆ మూలొక్కటి మారుస్తారు, మిగతాది ఎక్కడైనా ఒకటే. బయాస్ అనే మాట ఇవాళ్టికీ మీరు అంటున్నారు కదా? ఆయన పెట్టిందే. దాంతో చిన్న చిన్న కంపెనీలన్నీ ఈ సీపీ/ఎం తీసుకుని మెషీన్లు అమ్ముకున్నాయి. అట్టాంటిదే ఒకటి మా పేటకొచ్చింది. దాదాపు లక్ష రూపాయలు. అరవై నాలుగు కేబీ మెమరీ. నీ ఫోన్లో ఒక ఫొటో పట్టదు అందులో. నవ్వకు, అందులో నాలుగు గోడౌన్ల సరుకు పట్టింది.

తెల్లారి ఆన్ చేస్తే తెర మీద ఏ అనే అక్షరం, దాని పక్కన బాణం మొన. అంతే. ఏం చెయ్యమంటావు అని అడగదు, బొమ్మ లేదు, మౌసు లేదు. దాన్ని చూస్తే నాకు వైవా పరీక్షలో కూర్చున్నట్టు చెమట్లు పట్టేవి.

చెమట్లంటే గుర్తొచ్చింది, ఏసీ. ఆ మెషీను అమ్మిన ఇంజనీరు రెండు షరతులు పెట్టాడు. దుమ్ము పడకూడదు, గది చల్లగా ఉండాలి. దాంతో షావుకారు ఇంట్లో వీధి వైపు గదికి ఏసీ పెట్టారు. చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. ఆ గుమ్మం ముందు వాళ్ళింటి చిన్నకోడలు కాంతమ్మక్క రోజూ సున్నప్పిండితో ముగ్గు వేసేది, లక్ష్మీదేవి కదా అని. తలుపు తీసిన ప్రతిసారీ ఆ పిండి లోపలికి. రెండో నెలలో ఇంజనీరు వచ్చి మెషీను విప్పి, "ఇందులో సున్నం వేశారేంటి, ఇల్లు కడుతున్నారా?" అన్నాడు. కాంతమ్మక్క నన్ను నిలేసింది. "ఏమయ్యా తమ్ముడూ, చదువుకున్నోడివి, రోజూ తొక్కుకుంటా వస్తున్నావు, నీకన్నా తెలియద్దా?" తెలియలా.

ఈ కాంతమ్మక్క గురించి చెప్పాలి. కోటయ్యగారి తమ్ముడి భార్య. ఆ తమ్ముడు పెళ్ళయిన ఆరేళ్ళకే జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. పాతికమందికి వండి వార్చేది ఆ ఇంట్లో. ఆవిడకి ఒకటే కోరిక. ఇంటి మూలన బజారు వైపు ఒక గది ఉండేది, పాత గోనెసంచులు పడేసేవాళ్ళు. అందులో గాజులు, రిబ్బన్లు పెట్టుకుని అమ్ముకుంటానని. కోటయ్యగారిని అడిగితే "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఆ చూద్దాం నాలుగేళ్ళ నుంచీ నడుస్తంది.

ఇంతలో రోహిణి కార్తె వచ్చింది. మన ఎండలు నీకు కొత్తా? రోళ్ళు పగిలే కాలం. కోటయ్యగారి నాయన, పెద్ద శెట్టిగారు, ఎనభై దాటాయి, మంచంలో ఉన్నాడు. బజార్లో జనం అనటం మొదలుపెట్టారు: మెషీనుకి ఏసీ అంట, కన్నతండ్రికి విసనకర్ర అంట. ఆ మాట చెవిన పడగానే కోటయ్యగారు పెద్దాయన్ని మడతమంచంతో సహా తెచ్చి కంప్యూటర్ గదిలో వేయించాడు. ఇంక చూడు నా అవస్థ! పెద్దాయనకి పొద్దుపోవద్దూ? "ఒరేయ్ బియ్యస్సీ, ఏం కొట్టావురా ఇప్పుడు? అదేంది, మళ్ళీ ఏ అంటది? అది నేర్చిన అక్షరం అదొక్కటేనా?" ఇట్టా రోజంతా.

పది రోజులు నన్ను గమనించాడు. ఒక మధ్యాహ్నం అన్నాడు, "ఒరేయ్, ఇందులో నువ్వు కొట్టింది మా పెద్దోడికి చదవటం వచ్చా?"

"రాదండీ. నేను తీసి చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు."

"అయితే నా వీలునామా కొట్టు. ఈ ఇంట్లో కాయితం ముక్క దాచటం నా వల్ల కాదు, పెద్దోడు చాకలి పద్దు కూడా చదువుతాడు. కొట్టి దాచు. మా ప్లీడరు శుభకార్యానికి వెళ్ళాడు, సోమవారం వస్తాడు. అప్పుడు కాయితం మీదకి దించితే సాక్షుల్ని పెట్టి సంతకం చేస్తా. ఈలోపు మాట బయటికి పోయిందో, నీ కాళ్ళిరగ్గొట్టిస్తా."

నాకు ఛాతీ ఉబ్బింది. ఊళ్ళో ప్లీడర్లకి లేని నమ్మకం నా మీద! శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. కోటయ్యగారు భోంచేసి కునుకు తియ్యటానికి లోపలికి వెళ్ళాడు. నేను ఉత్తరాలు కొట్టే ప్రోగ్రాము తెరిచి, గబుక్కున బీ డ్రైవులోంచి, అంటే రెండో ఫ్లాపీ అరలోంచి, సరుకుల ఫ్లాపీ తీసి కొత్త ఫ్లాపీ పెట్టా. రహస్యం కదా, దానికి వేరే ఫ్లాపీ ఉండాలి.

అదుగో, అక్కడే నా చదువు బయటపడింది. ఆ సిస్టంలో ఫ్లాపీ మారిస్తే, ముందు ప్రోగ్రాములోంచి బయటికి వచ్చి, ఆ ఏ దగ్గర కంట్రోలూ సీ కలిపి నొక్కి, "అమ్మా, డిస్కు మార్చాను" అని దానికి మొర పెట్టుకోవాలి. చెప్పకుండా మార్చావా, అది పసిగట్టేస్తది. పాత డిస్కు మీద రాయాల్సింది కొత్తదాని మీద రాసి పాడు చేస్తానేమో అని భయపడి, చదువుతాను గానీ రాయను అని చేతులు కట్టుకుంటది. పోనీ ఆ మాట ముందే చెప్పుద్దా? చెప్పదు. నువ్వు కొట్టినంతా కొట్టనిచ్చి, దాచమన్నప్పుడు చెప్పుద్ది. ఇది మాకు బోర్డు మీద చెప్పారు. నేను నోట్సులో ఎర్ర సిరాతో గీత కూడా గీశా. ఆ నోట్సేమో అప్పుడు మా సొంతూళ్ళో ఉంది.

రెండు గంటలు చెప్పాడు పెద్దాయన. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నా. మూలగది కాంతమ్మకి, హద్దులతో సహా. తూర్పు ఏంది, పడమర ఏంది, ఎన్ని గజాలు, కళ్ళు మూసుకుని చెప్పాడు. కోటయ్యగారి మీద ఒక మాట చెప్పాడు. నేను ఆగా. "ఇది కూడా కొట్టాలా అండీ?" "అది ముందు కొట్టరా!" చివర్న నన్ను చూసి నవ్వి, "పిడుగురాళ్ళ రోడ్డులో ఎకరం రాళ్ళ చేను ఉంది, అది బియ్యస్సీకి. దాన్లో ఏమీ పండదు, వీడికి సేద్యం రాదు, ఇద్దరికీ సరిపోద్ది" అన్నాడు. అది కూడా కొట్టా.

దాచు అని కమాండు ఇచ్చా. డ్రైవు గురగురమంది. తెర మీద ఒక్క లైను వచ్చింది. బీ డిస్కులో తప్పు, రాయటం కుదరదు అని. ఏం చెయ్యాలో తోచక ఒక మీట నొక్కా. అంతా పోయి ఏ వచ్చింది. పక్కన బాణం మొన.

పెద్దాయన అడిగాడు, "అయిందా?"

అమ్మాయ్, నలభై ఏళ్ళయింది. ఆ ప్రశ్నకి నేను చెప్పిన జవాబు ఇవాళ్టికీ గొంతులో ముల్లు. "అయిందండీ. భద్రంగా ఉంది" అన్నా. తప్పు ఒప్పుకుంటే తిడతాడు అంతే కదా, తిట్టించుకుని మళ్ళీ కొడితే అయిపోయేది. బియ్యస్సీ పరువు అడ్డమొచ్చింది! సోమవారం లోపు గుర్తు తెచ్చుకుని కొట్టేద్దాంలే అనుకున్నా. ఆయన కళ్ళు మూసుకుని, "ఇప్పుడు నిద్ర పడద్దిరా" అన్నాడు.

ఆదివారం కరెంటు లేదు. సోమవారం పొద్దున పెద్దాయనకి మాట పడిపోయింది. ప్లీడరు వచ్చి మంచం పక్కన నిలబడి చూసి వెళ్ళాడు. పెద్దాయన మెషీను వైపు చూసి నా వైపు చూసేవాడు. దించరా కాయితం మీదకి, అని. నేను తల వంచుకుని కీబోర్డు తుడిచా. మంగళవారం సాయంత్రం పోయాడు.

"మరి చెప్పావా తాతయ్యా?"

ఎవరికి చెప్పను? వీలునామా ఒకటి ఉందని నాకూ ఆ పోయినాయనకీ తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే నాకేం నష్టం లేదు. నష్టం కాంతమ్మక్కకి. పెద్దకర్మ రోజున ఆవిడ వంటింట్లో గారెలు వేస్తా ఉంటే, కోటయ్యగారు మూలగదికి తాళం మార్పించటం చూశా. ఎరువుల బస్తాలు వేస్తారంట అందులో.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. ఈ సీపీ/ఎం ఉంది చూడు, మా దాంట్లో ఫైలుకి పేరు ఉండేది, సైజు ఉండేది, తేదీ ఉండేది కాదు. ఎప్పుడు పుట్టిందో, ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో, ఏమీ రాసుకోదు. నీ ఫోన్లో మెసేజి పంపితే నిమిషంతో సహా పడద్ది కదా, అది మన శత్రువు. ఇదేమో నిన్న కొట్టినా నిరుడు కొట్టినా ఒకటే అంటది. అంటే ఆయన పోయిన పదమూడో రోజున నేను కొట్టినా, ఆయన బతికుండగా కొట్టిందే అని చెప్పొచ్చు. కాదని ఎవడూ నిరూపించలేడు. ఒక అబద్ధంతో పాడు చేసినదాన్ని ఇంకో అబద్ధంతో బాగుచేసే సౌకర్యం ఆ సిస్టంలో ఉంది. నీ సెమినార్లో దీన్ని ఏమంటారో నాకు తెలియదు.

కూర్చుని కొట్టా. ఈసారి కంట్రోల్ సీ పదిసార్లు నొక్కా, గుళ్ళో గంట కొట్టినట్టు. గుర్తున్నంత వరకూ ఆయన మాటలే. నా రాళ్ళ చేను లైను దగ్గర ఆగా. వీలునామా కొట్టినవాడికే అందులో చేను ఉంటే ఎవడు నమ్ముతాడు? వదిలేశా. త్యాగం అనుకోబాక. ఆ చేను నేను చూశా, మేక కూడా ముఖం తిప్పుకుని పోయే చేను. విలువుంటే వదిలేవాణ్ణా?

ప్రింటు తీసి కోటయ్యగారి దగ్గరికి పోయా. "పెద్దాయన చెప్పి కొట్టించారండీ. సోమవారం సంతకం చేద్దామనుకున్నారు" అని.

ఆయన కాయితం అటూ ఇటూ తిప్పాడు. "సంతకం లేనిది వీలునామా ఎట్టా అవుద్దిరా? సర్లే, చదువు."

చదివా. హద్దుల దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపాడు. "మళ్ళీ చదువు." మళ్ళీ చదివా. "ఈ హద్దుల ప్రకారం ఆ గది రోడ్డు మధ్యలో ఉంది. మా నాయన నిద్రలో లేపినా హద్దులు తప్పు చెప్పడు. ఇది ఎప్పుడు కొట్టావ్?"

తూర్పూ పడమరా తారుమారు చేశా. లెక్కల్లో బియ్యస్సీ!

"ఆయన ఉండగానే అండీ."

"తేదీ చూపించు మెషీన్లో."

"దానికి తేదీలు తెలియవండీ."

"లక్ష పెట్టి కొన్నదానికి రోజు తెలియదా? గోడ మీద క్యాలెండరు రెండు రూపాయలు!"

"తెలియదండీ."

నా మొహంలోకి చూశాడు. ఒప్పేసుకుందాం అని నోరు తెరిచా, "మిగిలింది కూడా చదువు" అన్నాడు. మిగిలింది పెద్దాయన ఆయన మీద చెప్పిన మాట. యజమాని మొహం మీద చదవాలి. చదివా.

"మా పెద్దోడు చెడ్డవాడు కాడు, ఆలస్యం మనిషి. చిన్నప్పుడు తన వాటా నువ్వుండ జేబులో దాచుకుని, చీమలు పట్టిన తర్వాత తమ్ముడికి పెట్టేవాడు. వాడు దులుపుకుని తినేవాడు. ఇప్పుడు తమ్ముడు లేడు. వాడి పెళ్ళానికన్నా చీమలు పట్టకముందు పెట్టమని చెప్పు."

కోటయ్యగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. అంత పెద్దమనిషి, అట్టా చూడటం నాకు మొదటిసారి. "చాలు" అన్నాడు. లోపలికి చూసి, "కాంతమ్మా, ఇట్టా రా" అని పిలిచాడు. మొలతాడుకి ఉన్న కొత్త తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకి అర్థం కాలా. చేతికి గారెల పిండి. "బస్తాలు ఎక్కడ సర్దమంటారు బావగారూ?" అంది.

"బస్తాలు కాదు. గాజులు సర్దుకో."

నెల తిరక్కుండా ఆవిడ పేరున రిజిస్ట్రీ చేయించాడు. ఆఫీసులో హద్దులు తనే చెప్పాడు, నన్ను నోరు తెరవనీలా. బయటికి వచ్చాక అడిగాడు, "ఒరేయ్, మా నాయన నీకేమీ రాయలేదా?"

"లేదండీ."

"ఆ కాయితంలో అదొక్కటే నమ్మబుద్ధి కావటంలా" అన్నాడు. మళ్ళీ అడిగితే ఇవ్వాల్సి వస్తదని కాబోలు, మళ్ళీ అడగలా. కాయితం ఎప్పుడు కొట్టానో ఆయనకి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. పోయేదాకా ఆ మాట ఎత్తలా.

సరే, నీ సెమినారు చివర్న ఎవరికేం దక్కిందో రాయాలంటావుగా, రాసుకో. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ చిన్న మెషీను చేసి, ముందు ఈ సీపీ/ఎం కోసమే పోయిందంట. బేరం కుదరలా. ఎందుకు కుదరలేదో తలా ఒక కథ చెప్తారు, నేను చూడలేదు, నా అబద్ధాలే నాకు చాలు. ఇంకొకళ్ళు దాన్ని పోలినదాన్నే తెచ్చి ఇచ్చారు, అదే డాస్. ఆ మెషీనుకి సీపీ/ఎం కూడా తర్వాత అమ్మకానికి వచ్చింది గానీ ఖరీదు చానా ఎక్కువ, ఎవరూ కొనలా. డ్రైవులకి ఏ, బీ, సీ అని అక్షరాలు, ఫైలు పేరు చివర చుక్క పెట్టి మూడక్షరాలు, ఆ ఆస్తంతా డాస్‌కి పోయింది, డాస్ నుంచి విండోస్‌కి. నీ ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవు అని ఉంటదే, అది ఆ మాస్టారి ఇంటి సామానే. దాంతో కోట్లు గడించింది మటుకు వేరేవాళ్ళు.

కోటయ్యగారికి కొట్టు, గోడౌన్లు. కాంతమ్మక్కకి మూలగది. ముప్ఫై ఏళ్ళు నడిపింది, మీ అమ్మ పెళ్ళి గాజులు అక్కడివే. ఇప్పుడు ఆవిడ మేనకోడలు అందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతంది. మెషీను పాతసామాన్ల బండికి. ఏసీని ఆ మెషీను అమ్మిన ఇంజనీరే పట్టుకుపోయాడు. పిడుగురాళ్ళ రోడ్డులో రాళ్ళ చేను కోటయ్యగారి కొడుకులకి వచ్చింది. దాని కింద నలభై అడుగుల లోతున సున్నపురాయి. రోజుకి ఎన్ని లారీలు ఎత్తుతారో మన బస్సు అటు పోయినప్పుడల్లా మీ అమ్మమ్మ నాకు లెక్కపెట్టి చూపిస్తది.

నాకు ఏమీ రాలా. కొట్టనిది ఎట్టా వస్తది?